వుడ్ అంటే మర్యాద అనుకున్నాను, క్లయింటుకి అనుమానం వచ్చింది

ప్రశ్న: మేడమ్, నమస్తే. మాది హిందూపురం దగ్గర పల్లెటూరు. పదో తరగతి దాకా తెలుగు మీడియమే. ఇప్పుడు బెంగళూరులో ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒక కంపెనీలో పేరోల్ సపోర్టులో పని చేస్తున్నాను, మారతహళ్లిలో పీజీలో ఉంటున్నాను. మా క్లయింట్లు లండన్ వాళ్లు. ఈమధ్య ఒక జీతాల లెక్కలో తేడా వస్తే “వి వుడ్ రిసాల్వ్ దిస్ బై ఫ్రైడే” అని మెయిల్ పెట్టాను. అవతలి మేడమ్ దగ్గర్నుంచి ఒకే లైన్ జవాబు వచ్చింది: “యూ వుడ్, ఇఫ్ వాట్?” మా టీమ్ లీడ్ కూడా ఆ మెయిల్లో ఉన్నారు. ఆయన పిలిచి “చేస్తామంటున్నావా, చెయ్యలేమంటున్నావా? క్లియర్‌గా రాయమ్మా” అన్నారు. విల్ అంటే మొరటుగా ఉంటుంది, వుడ్ అంటే మర్యాదగా ఉంటుంది అనుకునే నేను అలా రాశాను. మా రూమ్మేట్ “అసలు వుడ్ జోలికే పోకు, అన్నిచోట్లా విల్ పెట్టెయ్” అంటోంది. ఇంకొకటి కూడా జరిగింది. కాల్‌లో “వుడ్ యూ మైండ్ హోల్డింగ్ ఫర్ ఎ మినిట్?” అని ఆవిడ అడిగితే నేను “యెస్, యెస్” అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. స్కూల్లో విల్‌కి పాస్ట్ టెన్స్ వుడ్ అని చెప్పి వదిలేశారు. ఇప్పుడు మెయిల్ రాయాలంటేనే టెన్షన్‌గా ఉంటోంది. వుడ్ ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు?

– ఒక పాఠకురాలు, బెంగళూరు

సమాధానం: అమ్మా, మీరు రాయాల్సిన వాక్యం “వి విల్ రిసాల్వ్ దిస్ బై ఫ్రైడే”. మారేది ఒక్క మాటే. కానీ మీరు మాట ఇచ్చారా లేదా అన్నది ఆ ఒక్క మాట మీదే ఆధారపడి ఉంది. ఆవిడ మిమ్మల్ని వెక్కిరించలేదు. ఆవిడకి నిజంగానే అర్థం కాలేదు. ఎందుకు అర్థం కాలేదో తెలుగులో పెట్టి చూస్తే వెంటనే తెలుస్తుంది.

మీకు చేబదులు ఇచ్చిన పక్కింటావిడ వచ్చి “డబ్బులెప్పుడిస్తావమ్మా?” అని అడిగిందనుకోండి. “శుక్రవారం ఇస్తానక్కా” అంటే సరేనని వెళ్లిపోతుంది. అదే “శుక్రవారం ఇచ్చేదాన్నక్కా” అంటే గుమ్మంలోనే ఆగిపోతుంది. “ఇచ్చేదానివి సరే, మరి ఏమైంది?” అంటుంది. మీ క్లయింటు అడిగింది అచ్చంగా ఈ ప్రశ్నే. వుడ్ చెవిన పడగానే ఇంగ్లీషు ఇంట్లో మాట్లాడుకునేవాళ్లు దాని వెనక ఒక ఇఫ్ కోసమో ఒక బట్ కోసమో చూస్తారు. చేసేవాళ్లమే, సిస్టమ్ పనిచేస్తూ ఉంటే. చేసేవాళ్లమే, కానీ మీరింకా డేటా పంపలేదు. ఇలా ఏదో ఒకటి వస్తుందనుకుంటే మీ వాక్యం అక్కడే ఆగిపోయింది.

ఇది మీ ఒక్కరికే జరిగింది కాదు. పొద్దున్నే మీ టీమ్ గ్రూపు తెరిచి చూడండి. “ఐ వుడ్ బి లేట్ టుడే, స్టక్ ఎట్ సిల్క్ బోర్డ్” అని, అంటే సిల్క్ బోర్డ్ జంక్షన్ ట్రాఫిక్‌లో ఇరుక్కున్నానని, ఎవరో ఒకరు పెట్టే ఉంటారు. “ఐ వుడ్ బి ఆన్ లీవ్ టుమారో” అని ఇంకొకరు. భారతీయ ఇంగ్లీషు మీద పనిచేసిన భాషావేత్తలు విల్ రావాల్సిన చోట వుడ్ రావడాన్ని మన ఇంగ్లీషు లక్షణాల్లో ఒకటిగా చెబుతారు. మనలో మనకి ఇబ్బంది లేదు, అందరం ఒకేలా అర్థం చేసుకుంటాం. మెయిల్ దేశం దాటినప్పుడే చిక్కు. పైగా లండన్ గడియారం మనకంటే చలికాలంలో 5.30 గంటలు, ఎండాకాలంలో 4.30 గంటలు వెనక ఉంటుంది. మీరు సాయంత్రం ఆరింటికి మెయిల్ పంపి క్యాబ్ ఎక్కేస్తే వాళ్లకి అప్పుడు మధ్యాహ్నం. వాళ్లకి అనుమానం వస్తే తీర్చడానికి మీరు సీట్లో ఉండరు. ఒక్క మాట వల్ల పని ఒక రోజు వెనక్కి పోతుంది. అందుకే ఇది చిన్న విషయం అని నేను అనను.

వుడ్‌లో మర్యాద ఉందని మీరు అనుకోవడం తప్పేమీ కాదు. నిజంగానే ఉంది. అది ఎక్కడ ఉందన్నదే చూసుకోవాలి. మనకి మర్యాద చూపించడానికి మీరు ఉంది, గారు ఉంది, అండీ ఉంది. ఇంగ్లీషులో అవేవీ లేవు. ఒకప్పుడు నువ్వు అన్నట్టుగా దౌ అనే మాట ఉండేది, అది వాడుకలోంచి పోయి చిన్నా పెద్దా అందరికీ యూ ఒక్కటే మిగిలింది. దాంతో వాళ్లు మర్యాదని తీసుకెళ్లి క్రియలో పెట్టుకున్నారు. “వుడ్ యూ సెండ్ మి ది ఫైల్?” అన్నప్పుడు “మీకు వీలైతేనే సుమా” అన్నది అందులోనే కలిసి ఉంటుంది. కాదనడానికి అవతలి మనిషికి కాస్త చోటు వదలడమే ఆ మర్యాద. అడిగేటప్పుడు అది అందంగా ఉంటుంది. మాట ఇచ్చేటప్పుడు? ఆ చోటు మీకే మిగులుతుంది. తప్పుకోవడానికి ముందే దారి చూసుకున్నట్టు వినిపిస్తుంది. మర్యాద కోసం పెట్టిన మాటే అనుమానానికి కారణం అవుతుంది.

మనవాళ్లు వుడ్ రాయడానికి మర్యాద ఒక్కటే కారణం కాదని నాకు అనిపిస్తుంది. బెంగళూరులో మన పిల్లలకి ఇంగ్లీషు చెబుతుంటాను కాబట్టి వాళ్ల మెయిల్స్ రోజూ చూస్తుంటాను. శుక్రవారానికి పని అవుతుందో లేదో రాసేవాళ్లకే గట్టిగా తెలియదు. విల్ అని రాస్తే రేపు ఆ మాటే చూపించి నిలదీస్తారేమోనని లోపల భయం. ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్లకి ఆ భయం ఉండడంలో తప్పు లేదు. కానీ దాన్ని వుడ్ వెనక దాచితే ఉపయోగం ఉండదు. నమ్మకం సగమే ఉంటే ఆ సగాన్నే చెప్పే మాటలు ఇంగ్లీషులో ఉన్నాయి. “వి ఎక్స్‌పెక్ట్ టు రిసాల్వ్ దిస్ బై ఫ్రైడే” అనండి. శుక్రవారానికి అవుతుందనుకుంటున్నాం అని అర్థం. “వి షుడ్ బి ఏబుల్ టు రిసాల్వ్ దిస్ బై ఫ్రైడే” అన్నా అంతే. అసలు ఏమీ తెలియని పరిస్థితి అయితే మీ చేతిలో ఉన్నదానికే మాట ఇవ్వండి: “వి విల్ అప్‌డేట్ యూ బై ఫ్రైడే.” పని అయినా కాకపోయినా శుక్రవారం ఒక మెయిల్ పెట్టడం మీ చేతిలోనే ఉంటుంది కదా. మర్యాద కావాలంటే దాన్ని వేరే వాక్యంలో పెట్టండి. “సారీ ఫర్ ది డిలే”, “థ్యాంక్యూ ఫర్ యువర్ పేషన్స్” లాంటివి ఉన్నాయి. క్రియని మాత్రం గట్టిగా ఉండనివ్వండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. వుడ్ కొత్తగా నేర్చుకోవాల్సిన పని మీకు లేదు. దాని పని చాలావరకు చేసే రూపం తెలుగులో ఉంది, మీరు చిన్నప్పటి నుంచి ఒక్కసారి కూడా తప్పకుండా వాడుతున్నారు. పక్కింటావిడ దగ్గర చూసిన ‘ఇచ్చేదాన్ని’ అదే. వెళ్లేదాన్ని, చేసేవాళ్లం, కొనేవాడు, వచ్చేది. ఈ రూపాన్ని మనం రెండు రకాలుగా వాడతాం. “చిన్నప్పుడు ప్రతి వేసవికీ అమ్మమ్మగారి ఊరు వెళ్లేదాన్ని” అంటాం. అప్పట్లో మామూలుగా జరిగిన పని అది. “టికెట్ దొరికితే నిన్ననే వెళ్లేదాన్ని” అని కూడా అంటాం. ఇది జరగని పని, టికెట్ దొరకలేదు. ఒకటి జరిగింది, ఇంకొకటి జరగలేదు, రూపం మాత్రం ఒక్కటే. ఇంగ్లీషు వుడ్ కూడా సరిగ్గా ఈ రెండు పనులూ చేస్తుంది. “ఎవ్రీ సమ్మర్ ఐ వుడ్ గో టు మై గ్రాండ్‌మదర్స్ విలేజ్” మొదటిది. “ఇఫ్ ఐ హాడ్ గాట్ ఎ టికెట్, ఐ వుడ్ హ్యావ్ గాన్ యెస్టర్డే” రెండోది. ఏ సంబంధమూ లేని రెండు భాషలు ఇలా ఒకే దారిలో నడవడం నాకు ఎప్పుడు చూసినా సంతోషంగా ఉంటుంది.

కాబట్టి మెయిల్లో చెయ్యి వుడ్ మీదకి వెళ్లినప్పుడు ఆ వాక్యాన్ని మనసులో తెలుగులో అనుకోండి. “రేపు సెలవులో ఉంటాను” అని వస్తే విల్. “ఉండేదాన్ని” అని వస్తే వుడ్. రేపు మీరు సెలవులో ఉండేవారు కాదు, ఉంటారు. అందుకని “ఐ విల్ బి ఆన్ లీవ్ టుమారో”. “ఐ యామ్ ఆన్ లీవ్ టుమారో” అన్నా సరిపోతుంది.

ఈ పద్ధతి మూడు చోట్ల జారుతుంది. అవి కూడా ఇప్పుడే చెప్పకపోతే రేపు ఇంటర్వ్యూలో ఇబ్బంది పడతారు.

స్కూల్లో “నేనే ముఖ్యమంత్రినైతే” అని వ్యాసం రాసే ఉంటారు. అందులో ఏం రాశారు? ప్రతి ఊరికీ రోడ్డు వేయిస్తాను, బడి కట్టిస్తాను. వేయించేదాన్ని అని రాయలేదు. అంటే ఊహించుకుని చెప్పే మాటల్లో తెలుగు ‘తాను’తోనే సరిపెట్టుకుంటుంది. ఇంగ్లీషు సరిపెట్టుకోదు. “ఇఫ్ ఐ వర్ ది చీఫ్ మినిస్టర్, ఐ వుడ్ బిల్డ్ ఎ స్కూల్ ఇన్ ఎవ్రీ విలేజ్” అనే అనాలి. ఇంటర్వ్యూలో “వాట్ వుడ్ యూ డూ ఇఫ్ ఎ కస్టమర్ షౌటెడ్ ఎట్ యూ?” అని అడుగుతారు. అక్కడ కస్టమరూ లేడు, అరుపూ లేదు, అంతా ఊహే. జవాబు కూడా “ఐ వుడ్ లెట్ హిమ్ ఫినిష్ ఫస్ట్” అని ప్రశ్న ఏ రూపంలో వచ్చిందో ఆ రూపంలోనే ఉండాలి. అదే టీమ్ లీడ్ వచ్చి “మధ్యాహ్నం క్లయింటు ఫోన్ చేస్తే ఏం చెబుతావు?” అంటే అది నిజంగా జరగబోయేది. “ఇఫ్ షి కాల్స్, ఐ విల్ టెల్ హర్ ది ట్రూత్.” తెలుగులో రెండింటికీ ‘తాను’ రూపమే వస్తుంది. అందుకే ఇక్కడ తెలుగు వాక్యం ఒక్కటే చూస్తే సరిపోదు, ఆ ‘అయితే’ నిజంగా అయ్యేదా, ఊరికే అనుకునేదా అని కూడా చూసుకోవాలి.

రెండో చోటు ‘ఉండేది’. “మా ఇల్లు గుడి పక్కన ఉండేది”, “నాకు లెక్కలంటే భయం ఉండేది” అంటాం. వీటికి వుడ్ కుదరదు, యూజ్డ్ టు వాడాలి. పాత రోజుల గురించి చెప్పేటప్పుడు వుడ్ మళ్లీ మళ్లీ చేసిన పనులకే వస్తుంది: వెళ్లడం, ఆడుకోవడం, బావి దగ్గర కూర్చోవడం లాంటివి. అలా ఉండిపోయిన స్థితికి రాదు. “ఐ వుడ్ లివ్ ఇన్ హిందూపూర్” అంటే “హిందూపురంలో ఉండేదాన్ని” అని అర్థం కాదు, ఏదో అనుకూలిస్తే హిందూపురంలో ఉంటాను అన్నట్టు వినిపిస్తుంది. “ఐ యూజ్డ్ టు లివ్ ఇన్ హిందూపూర్” అనండి. అనుమానం వస్తే రెండు చోట్లా యూజ్డ్ టు పెట్టేసుకోండి, అది ఎప్పుడూ తప్పు కాదు.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. అందులో తప్పు చేస్తే మనం అబద్ధం చెప్పినట్టు అవుతుంది. “ఆ ఫైలు పంపావా?” అని అడిగితే, సరిగ్గా గుర్తు లేకపోతే మనం “పంపించే ఉంటాను” అంటాం. దాన్నే మనవాళ్లు “ఐ వుడ్ హ్యావ్ సెంట్ ఇట్” అని అనేస్తారు. అవతలివాళ్లకి మాత్రం అది ‘పంపించి ఉండేదాన్ని’ అని వినిపిస్తుంది, అంటే పంపలేదు! ఉంటాను, ఉండేదాన్ని. తెలుగులో ఈ రెంటికీ ఉన్న దూరం మీకు బాగా తెలుసు. ‘పంపించే ఉంటాను’ అనడానికి “ఐ మస్ట్ హ్యావ్ సెంట్ ఇట్, లెట్ మి చెక్” అనండి. “ఐ థింక్ ఐ సెంట్ ఇట్” ఇంకా తేలిక. వేరేవాళ్ల గురించి ఊహించి చెప్పేటప్పుడు మాత్రం వుడ్ హ్యావ్ చెల్లుతుంది. “హి వుడ్ హ్యావ్ రీచ్డ్ హోమ్ బై నౌ” అంటే ఈపాటికి ఇంటికి చేరే ఉంటాడు అని. కానీ మీరే చేసిన పని గురించి మీరే అలా అంటే చేయలేదనే అనుకుంటారు.

స్కూల్లో చెప్పిన ‘విల్‌కి పాస్ట్ వుడ్’ అన్నది కూడా పనికొచ్చే ముక్కే, కాకపోతే ఎక్కడ పనికొస్తుందో చెప్పకుండా వదిలేశారు. ఎవరో అన్న మాటని మనం ఇంకొకరికి చెప్పేటప్పుడు అది కావాలి. తెలుగులో “రేపు వస్తానన్నాడు” అంటాం. చూడండి, ఆయన అన్న ‘వస్తాను’ని మనం ముట్టుకోనే లేదు, ఉన్నదున్నట్టు తెచ్చి ‘అన్నాడు’ తగిలించాం. మీ కన్నడ కొలీగ్స్ కూడా “బర్తీని అంత హేళిద” అని ఇలాగే అంటారు, అందుకే ఈ విషయంలో వాళ్లూ మనలాగే తడబడతారు. ఇంగ్లీషులో ‘సెడ్’ వచ్చిందంటే వెనకాల మాట కూడా ఒక మెట్టు వెనక్కి వెళ్తుంది. “హి సెడ్ హి వుడ్ కమ్.” మీరు మీటింగ్ మినిట్స్, అంటే మీటింగ్‌లో ఎవరేమన్నారో ఆ నోట్స్, రాస్తుంటే ఇది రోజూ అవసరమే. క్లయింటు కాల్‌లో “వి విల్ సెండ్ ది డేటా బై మండే” అంటుంది. మీరు మినిట్స్‌లో “ది క్లయింట్ సెడ్ దే వుడ్ సెండ్ ది డేటా బై మండే” అని రాస్తారు. సోమవారం ఇంకా రాలేదు కాబట్టి విల్ అన్నా తప్పు కాదు, కానీ రాతలో వుడ్ నిండుగా ఉంటుంది.

మనకి విల్ బదులు వుడ్ అలవాటు కావడానికి ఇది కూడా ఒక కారణమై ఉండొచ్చని నా అనుమానం. ఇంగ్లీషు బాగుపడాలంటే పేపరు చదవమని అందరూ చెబుతారు. పేపర్లో ఉండేవన్నీ ఎవరో అన్న మాటలే. మంత్రి ఇలా చేస్తామన్నారు, అధికారి అలా చేస్తామన్నారు. పేజీ నిండా ‘సెడ్’, దాని వెంట ‘వుడ్’. చదివి చదివి, జరగబోయేదాన్ని గౌరవంగా చెప్పడానికి వుడ్ వాడతారు అని మనసులో పడిపోతుంది. ఎవరో ఇచ్చిన మాటని చేరవేసేటప్పుడు వుడ్. మీ మాట మీరే ఇచ్చేటప్పుడు విల్. అది గుర్తు పెట్టుకుని పేపరు చదవండి, మానొద్దు.

వుడ్‌కి నాట్ చేరినప్పుడు ఇంకో సంగతి ఉంది. బండి ఎంత కిక్ కొట్టినా స్టార్ట్ అవ్వకపోతే మనం ఏమంటాం? “అవ్వనంటే అవ్వనంటోంది” అంటాం. ఇనప్పెట్టె తలుపు “రానంటోంది” అంటాం. నోరు లేని వస్తువులకి కూడా మొండితనం అంటగడతాం. ఇంగ్లీషువాళ్లూ అంతే: “ది బైక్ వుడంట్ స్టార్ట్.” పాత ఇంగ్లీషులో విల్ అంటే కోరుకోవడం, ఇష్టపడటం. వుడ్ దానికి భూతకాలం. ఆ ‘ఇష్టం’ ఇప్పటికీ వుడంట్‌లో సజీవంగా ఉంది. అందుకని బండి గురించి, సర్వర్ గురించి అంటే ఫర్వాలేదు, మనుషుల గురించి అనేటప్పుడు జాగ్రత్త. “ది వెండర్ వుడంట్ గివ్ అజ్ ది డేటా” అని ఎస్కలేషన్ మెయిల్లో, అంటే సమస్యని పైవాళ్ల దాకా తీసుకెళ్లే మెయిల్లో, రాశారంటే, అడిగితే ఇవ్వనన్నాడు అని అతని మీద ఫిర్యాదు చేసినట్టు. పాపం అతని దగ్గర డేటా లేకపోతే? అప్పుడు “కుడంట్” రాయాలి. ఇవ్వనన్నాడా, ఇవ్వలేకపోయాడా అన్నది తేల్చుకున్నాకే ఆ వాక్యం పూర్తి చేయండి. ఒక మనిషి పేరు దెబ్బతినే విషయం ఇది.

ఇక కాల్‌లో జరిగినదానికి వద్దాం. “వుడ్ యూ మైండ్ హోల్డింగ్?” అంటే “హోల్డ్‌లో ఉంటారా?” కాదు. “హోల్డ్‌లో ఉండటానికి మీకేమైనా అభ్యంతరమా?” అని. అభ్యంతరమా అంటే మనం ఏమంటాం? “అబ్బే, లేదండీ” అంటాం. మీరు యెస్ అనేసరికి ‘అవును, అభ్యంతరమే’ అన్నట్టయింది, ఆవిడ ఒక్క క్షణం ఆగింది. మీ గొంతులో సౌమ్యం వినే ఉంటుంది, వెంటనే అర్థం చేసుకుని ఉంటుంది, దాని గురించి ఇంక ఆలోచించకండి. ఈసారి “నాట్ ఎట్ ఆల్” అనండి. కంగారులో అది నోటికి రాకపోతే “షూర్, గో అహెడ్” అనేయండి. ఆ జవాబు ఎటు తిరిగినా సరిపోతుంది. మీరే అడగాల్సి వస్తే మైండ్ తర్వాత క్రియకి ఇంగ్ చేర్చండి: “వుడ్ యూ మైండ్ రిపీటింగ్ దట్?” అవతలివాళ్ల యాస అందనప్పుడు “వాట్?” అనడం కంటే ఇది ఎంతో హాయిగా ఉంటుంది.

మీరు వుడ్ రాయడం గురించే అడిగారు. ఎదుటివాళ్ల వుడ్‌ని చదవడం కూడా అంతే ముఖ్యం, దీని గురించి మాత్రం ఎవరూ చెప్పరు. బ్రిటిష్‌వాళ్లతో పని చేసేటప్పుడు మరీ. “ఇట్ వుడ్ బి గ్రేట్ ఇఫ్ యూ కుడ్ సెండ్ దిస్ టుడే” అని ఆవిడ రాస్తే, పంపితే బాగుంటుంది, పంపకపోయినా ఫర్వాలేదు అని కాదు. ఈరోజే పంపండి అని. “ఐ వుడ్ చెక్ విత్ హెచ్ఆర్ ఫస్ట్” అని రాస్తే ఆవిడ వెళ్లి హెచ్ఆర్‌ని అడుగుతుందని కాదు. ‘మీ స్థానంలో నేనుంటే’ అన్నది రాయకుండా వదిలేసింది. అడగాల్సింది మీరు. ఈ వాక్యాన్ని తప్పుగా అర్థం చేసుకుని, ఆవిడ అడుగుతుందిలే అని ఇక్కడ మనం, మనం అడుగుతాములే అని అక్కడ ఆవిడ, రెండు వైపులా ఊరుకునే ప్రమాదం ఉంది. “ఐ వుడంట్ డూ దట్” అంటే నేను చెయ్యను అని కాదు, మీరు చెయ్యొద్దు అని సలహా. “దట్ వుడ్ బి డిఫికల్ట్” అంటే కష్టపడితే అవుతుంది అని సంబరపడొద్దు, దాదాపు కుదరదు అని చెప్పినట్టే. మన పెద్దవాళ్లు సంబంధం ఇష్టం లేకపోతే “చూద్దాంలెండి” అన్నప్పుడు మీకు ఎంత అర్థమవుతుందో ఇక్కడ కూడా అంతే అర్థం చేసుకోవాలి. వాళ్ల వుడ్ కనిపించినప్పుడల్లా రాయకుండా వదిలేసిన ఇఫ్ ఏమిటో వెతకండి. చాలాసార్లు అక్కడే అసలు విషయం ఉంటుంది.

మీ రూమ్మేట్ సలహా సగం మంచిదే. మాట ఇచ్చేటప్పుడు విల్ అన్నంతవరకు ఆమె చెప్పినట్టే చేయండి. అన్నిచోట్లా అంటేనే చెడుతుంది. “ఐ వుడ్ లైక్ టు అప్లై” అనాల్సిన చోట “ఐ విల్ లైక్ టు” కుదరదు. “ఐ వుడ్ రాదర్ వర్క్ ఫ్రమ్ హోమ్” అంటే ఇంటి నుంచి పనిచేయడమే నాకు నయం అని, అక్కడా విల్ పెట్టలేం. “విల్ యూ ప్లీజ్ సెండ్ ఇట్?” అని క్లయింటుకి రాస్తే, ప్లీజ్ ఉన్నా, పిల్లల మీద విసుక్కున్న టీచరు గొంతులా వినిపించొచ్చు.

వ్యాకరణం తేలికే. వుడ్ వెనక క్రియ ఏ తోకా లేకుండా వస్తుంది. వుడ్ టు గో కాదు, వుడ్ గోస్ కాదు, వుడ్ గో. ఇఫ్ ఉన్న ముక్కలో వుడ్ పెట్టొద్దు. “ఇఫ్ ఐ వుడ్ హ్యావ్ నోన్” అని అమెరికన్ల నోట వినిపించినా రాతలో “ఇఫ్ ఐ హాడ్ నోన్” అనే రాయండి. “ఇఫ్ యూ వుడ్ లైక్” లాంటి మర్యాద మాటలకి మాత్రం ఆ అడ్డు లేదు. ఫోన్లో వుడ్ పూర్తిగా వినిపించదు, ఐడ్, యూడ్, దేడ్ అని చివర ఒక డ్ మాత్రం మిగులుతుంది. హాడ్ కూడా అలాగే కుంచించుకుపోతుంది. “యూడ్ బెటర్ కాల్ హర్” అన్నప్పుడు అక్కడున్నది హాడ్, వుడ్ కాదు. బెటర్ వినిపిస్తే హాడ్ అనుకోండి, లైక్, రాదర్ వినిపిస్తే వుడ్.

ఈ శనివారం తీరిక చేసుకుని ఆఫీసు మెయిల్లో సెంట్ ఫోల్డర్ తెరిచి వుడ్ అని సెర్చ్ చేయండి. ‘ఐ’ వెనకా ‘వి’ వెనకా వచ్చినవి మాత్రమే చూడండి. లైక్, రాదర్ ఉంటే వదిలేయండి. దగ్గర్లో ఇఫ్ ఉన్నా, ‘సెడ్’ ఉన్నా వదిలేయండి. బి ఉన్నచోట ఆగండి, మనవాళ్ల మెయిల్స్‌లో తప్పు ఎక్కువగా అక్కడే ఉంటుంది. “ఐ వుడ్ బి షేరింగ్ ది రిపోర్ట్”, “ఐ వుడ్ బి జాయినింగ్ ది కాల్”, “వి వుడ్ బి క్లోజింగ్ ది టికెట్” (ఇక్కడ టికెట్ అంటే క్లయింటు నమోదు చేసిన సమస్య). ఒక్కొక్కదాన్నీ తెలుగులో పైకి అనుకోండి. పంపిస్తాను, చేరతాను, మూసేస్తాం. అన్నీ విల్ అయిపోతాయి. “ఐ వుడ్ బి గ్రేట్‌ఫుల్ ఇఫ్ యూ కుడ్ సెండ్ ది టైమ్‌షీట్స్” అని కనిపిస్తే మాత్రం దాన్ని మార్చకండి. అది అడగడం, మాట ఇవ్వడం కాదు, చక్కగా ఉంది.